పత్యంలో గోళీ

ఆయమ్మ పైసలు అడగలేదు. యాకయ్యకు మొదటి అనుమానం అక్కడే తగిలింది.

మానుకోట పెద్ద దవాఖానలో కాన్పుల వార్డు ముందు పొద్దుటి నుంచి కూర్చున్నవాళ్లలో అతనికంటే ముందు నలుగురి ఇళ్లలో పిల్లలు పుట్టారు. నాలుగుసార్లూ అదే ఆయమ్మ పసిగుడ్డను పాత చీర ముక్కలో చుట్టి తెచ్చింది. మొహం మీది గుడ్డ కొంచెం తప్పించి, చూపించీ చూపించనట్టు చూపించి, నవ్వుకుంటూ నిలబడిపోయింది. చేతిలో ఏదన్నా పెట్టేదాకా అక్కడి నుంచి కదల్లేదు. యాకయ్య కూడా అంగీ జేబులో ఒక నోటు మడిచి సిద్ధంగా పెట్టుకున్నాడు. తన బిడ్డ యమున తొలి కాన్పు అది. ఆయమ్మ ఎంత సతాయించినా నవ్వుతూ ఇద్దామనుకున్నాడు.

యమున వంతు వచ్చేసరికి ఆయమ్మ రాలేదు. తలుపు సందులోంచి తల మాత్రం బయట పెట్టి యమున తరఫువాళ్లు ఎవరని అడిగింది. పాపను నర్సు తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. యాకయ్య ఒక చేత్తో పాపను పొదివి పట్టుకుని రెండో చేత్తో నోటు తీసి ఆయమ్మ వైపు చాపాడు. ఆయమ్మ రెండడుగులు వెనక్కి వేసి, "వద్దు తాతా, ఉంచుకో" అంది. తలుపు మూసుకుంటూ లోపల ఎవరితోనో, ఎయిడ్స్ కేసట, ఆ మంచం చివరికి జరపమని చెప్పడం అతనికి వినబడింది.

భార్య ఓదెమ్మ అప్పుడక్కడ లేదు, వేడినీళ్ల కోసం చాయ్ హోటలుకు పోయింది. అల్లుడు చందు కూడా లేడు. మొగుళ్లపల్లి నుంచి పొద్దున్నే వచ్చి, కాగితాల మీద సంతకం పెట్టి, అతని రక్తం కూడా చూడాలని దవాఖానవాళ్లు అనగానే, కోతమిషన్ చెలకలో ఆగిపోయిందని ఫోనొచ్చిందంటూ పోయాడు. మళ్లీ ఫోను ఎత్తలేదు.

ఇంటికి పంపే రోజు నర్సు యాకయ్యను మెట్ల కిందికి తీసుకుపోయింది. ఎవరికి చెప్పాలని యమునను అడిగితే, అవ్వకు వద్దు, బాపుకు చెప్పమన్నదట. నర్సు నెమ్మదిగానే చెప్పింది. హెచ్ఐవి అంది. రోజుకొక గోళీ తప్పకుండా మింగితే అందరిలాగే బతుకుతుందంది. పాపకు తల్లిపాలు తప్ప తేనె గానీ మేకపాలు గానీ ఏదీ నాలుకకు తగలొద్దంది. ఆరు వారాలు రోజూ పొద్దున ఒక నీళ్లమందు పొయ్యాలని, ఆరో వారం పాప మడమ నుంచి ఒక చుక్క రక్తం తీసి చూస్తారని చెప్పింది. ఆయమ్మ వేరే పేరేదో చెప్పింది కదమ్మా అని యాకయ్య అడిగాడు. ఆమె నోటికి హద్దు లేదు, ఆ పేరు వేరు, ఈ పేరు వేరు అంది నర్సు. వేరన్నంతవరకు అతనికి అర్థమైంది. వేరువేరు జబ్బులా, ఒకే జబ్బుకు ఇంట్లో పిలిచే పేరొకటి, కాగితం మీది పేరొకటా అన్నది మాత్రం తేలలేదు. మళ్లీ అడుగుదామంటే నర్సును ఎవరో పిలిచారు. పోతూ పోతూ సూది లేని సన్నటి సిరంజి మీద బాల్‌పెన్నుతో ఒక గీత గీసి, అక్కడిదాకా మందు లాగాలంది. అతనికి చదువు రాదని తెలిసి, కార్డు మీది ఎర్ర రిబ్బను గుర్తు చూపించింది. ఏ ఊరి పెద్ద దవాఖానలోనైనా ఈ గుర్తున్న గదికి పోయి అడగొచ్చంది.

మానుకోట నుంచి వాళ్ల ఊరు నెల్లికుదురుకు ఆటోలో అరగంట. ఇంటి ముందు ఆటో దిగేసరికి బుచ్చమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఊళ్లో ఏ ఇంట్లో పిల్ల పుట్టినా ఇరవై ఒక్క రోజులు ఆమే నీళ్లు పోస్తుంది. బాలింత ఏం తినాలో, ఏం తాగాలో, ఎప్పుడు పడుకోవాలో అన్నీ ఆమె చెప్పినట్టే నడుస్తాయి. దాన్నే పత్యమంటారు. యాకయ్య పాపను గుండెకు ఆనించుకుని ఆటోలోంచి కాలు బయట పెట్టాడో లేదో, బుచ్చమ్మ వచ్చి అతని చేతుల్లోంచి బిందె అందుకున్నంత మామూలుగా పాపను అందుకుంది. ముక్కు తండ్రిది, నుదురు మన యాకన్నది అంటూ బుగ్గకు బుగ్గ ఆనించింది. యాకయ్య ఖాళీ చేతులతో నిలబడ్డాడు. చెప్పాలా? చెబితే ఈమె కూడా రెండడుగులు వెనక్కి వేస్తుందా? చెప్పకపోతే మోసమవుతుందా? ఆలోచన తెగకముందే ఆమె పాపతో గడప దాటి లోపలికి పోయింది.

రోజులు నడిచాయి. తెల్లవారి యాకయ్య రాళ్ల పొయ్యి మీద కాగు పెట్టి, వావిలాకు వేసి నీళ్లు కాచేవాడు. బుచ్చమ్మ వచ్చి పీట మీద కాళ్లు బారజాపి కూర్చుని పాపను కాళ్ల మీద బోర్లా వేసుకునేది. నూనె చేతులతో వెన్ను మీద పైనుంచి కిందికి, కిందినుంచి పైకి రాసేది. రెండు వేళ్లతో ముక్కు లాగేది. నీళ్లు పోస్తుంటే పాప గుక్కపట్టి ఏడ్చి, తుడిచి నిప్పుల మీద సాంబ్రాణి పొగ పట్టగానే సొమ్మసిల్లినట్టు నిద్రపోయేది. అప్పుడు యాకయ్య సిరంజి తీసి గీతదాకా మందు లాగి పాప పెదవి మూలన చుక్కచుక్కగా వదిలేవాడు. ఒళ్లు పచ్చబడే పసిరికలకు మందని ఓదెమ్మతో చెప్పాడు. ఆ పని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

మిగతా పొద్దంతా మంచం అల్లేవాడు. బిడ్డ ఆ మంచం మీదే పడుకుంటుంది కాబట్టి సాగిన పాత నులక కోసి పారేసి కొత్త నులక ఎక్కించాడు. నాలుగు పోగులు పైకి, నాలుగు కిందికి, పట్టె దగ్గర ఒక మెలిక. అల్లిన ప్రతి జానకూ బొటనవేలితో మీటి చూసేవాడు. బిగువు సరిగా ఉంటే ఒక చప్పుడు, వదులుంటే ఒక చప్పుడు. కళ్లు మసకేసినా ఆ చప్పుళ్ల తేడా అతనికి ఎన్నడూ తప్పలేదు.

కొత్త నులక నాలుగు రోజులు వాడితే సాగుతుంది. కాళ్ల వైపు తాడు మళ్లీ బిగించాలి. పాప పుట్టి పదిహేనో రోజు అతను ఆ పని పెట్టుకున్నాడు. యమునను గోడకు ఆనించి కూర్చోబెట్టి పక్క ఎత్తగానే, తల కింద పెట్టుకునే మెత్త అడుగు నుంచి తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఒకటి జారి నేల మీద పడి దొర్లింది.

యాకయ్య దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. దాని మీది కాగితం గీకేసి ఉంది, బంక మరకలు మాత్రం మిగిలాయి. ఊరికే ఆడించి చూశాడు. మళ్లీ ఆడించాడు. దవాఖానలో నర్సు చేతికిచ్చిన రోజు ఎట్ల మోగిందో ఇప్పుడూ అట్లనే, నిండుగా, మొద్దుగా మోగింది. పదకొండు రోజుల్లో పదకొండు గోళీలు తగ్గితే చప్పుడు పలచబడాలి.

బిడ్డ వైపు చూశాడు. యమున చెవుల్లో దూది, తలకు గుడ్డ, ఒళ్లో పాప. ఆమె గోడ వైపు మొహం తిప్పుకుంది.

"మింగుతలేవా బిడ్డా?"

"అవ్వ పత్యమన్నది. ఇరవై ఒక్క రోజులు ఇంగ్లీషు గోళీ ఏదీ వద్దన్నది. వేడిజేసి పాలు ఎండుతయంట."

"మరి నువ్వు చెప్పకపోయినవా, మింగాలెనని?"

యమున పాప వేళ్లను ఒక్కొక్కటే విప్పుతూ కూర్చుంది.

"ఏమని జెప్పాలె బాపూ?"

యాకయ్య తాడు చివర చేతికి చుట్టుకుని పట్టెకు కాలు తన్నిపెట్టి లాగాడు. లాగుతూనే ఉన్నాడు. ఇంక లాగితే తెగుతుందని యమున అన్నాక ఆపాడు.

సాయంత్రం ఓదెమ్మతో మాట కదిపాడు. అవి రక్తం పట్టే గోళీలని, డాక్టరు తప్పకుండా మింగమన్నదని చెప్పాడు. ఓదెమ్మ ఎల్లిపాయలు ఒలుస్తూ తల కూడా ఎత్తలేదు. ముగ్గురిని కన్నదాన్ని నేను, నువ్వా అని అడిగింది. బాలింతకు గోళీలొద్దని బుచ్చమ్మే చెప్పిందని, ఈ ఊళ్లో ఆమె మాట విని చెడ్డ బాలింత ఒక్కతి లేదని అంది. రక్తం గోళీలైతే ఇరవై ఒక్క రోజులయ్యాక మింగుతుంది, ఎక్కడికి పోతాయవి అంది. ఆమె గొంతులో మంకు లేదు, బిడ్డ మీది ఆపేక్షే ఉంది. అందుకే యాకయ్య ఇంకా తికమకపడ్డాడు. ఓదెమ్మ చెప్పేదే నిజమేమో. ఆ గోళీ మింగితే కళ్లు తిరుగుతున్నాయని యమున దవాఖానలో అననే అంది. పాలు నిజంగా ఎండిపోతే? మింగకపోతే ఆ పాలే పాపకు విషమైతే? రెండువైపులా పాలే ఉన్నాయి. ఎటు ఒరగాలో పాలుపోలేదు.

పొద్దున్నే మందు పోసి, డబ్బాను అంగీ జేబులో వేసుకుని, నులక కొనడానికి పోతున్నానని చెప్పి బయల్దేరాడు. మానుకోట దవాఖానకు పోతే ఎవరో ఒకరు గుర్తుపడతారు. అందుకని తొర్రూరులో బస్సు మారి జనగామ దాకా పోయాడు.

అక్కడి దవాఖానలో గదుల మీద రాతలు అతనికేం చెప్పవు. తలుపు తలుపుకూ గుర్తులు చూసుకుంటూ నడిచాడు. గుండె బొమ్మ, కన్ను బొమ్మ, పన్ను బొమ్మ. వరండా చివరన ఎర్ర రిబ్బను కనిపించింది. లోపల బల్ల వెనక కమల అనే ఆమె కూర్చుని ఉంది. నలభై ఏళ్లుంటాయి. అందరూ ఆమెను మేడం అంటుంటే యాకయ్యా మేడం అన్నాడు.

ఎవరికని ఆమె అడిగింది. బిడ్డ పేరు నోటిదాకా వచ్చి ఆగింది. ఇక్కడి నుంచి ఎవరి చెవిలో పడుతుందో అనుకుని, నాకే అన్నాడు. కార్డేదంటే ఇంట్లో మరిచానన్నాడు. డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. కమల మూత తీసి గోళీలను కాగితం మీద పోసి పెన్ను కొనతో జరుపుతూ లెక్కపెట్టింది. ముప్పై డబ్బాలో ఇరవై తొమ్మిది ఉన్నాయి. ఇచ్చి ఎన్నాళ్లయిందని అడిగింది. పన్నెండు రోజులన్నాడు.

"మరెందుకు మింగలేదు తాతా?"

"పత్యం మేడం."

"నీకేం పత్యం?"

యాకయ్య బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. కమల పెన్ను కింద పెట్టి, డబ్బా మీద గీకిన గోటి గుర్తులు చూసింది. అతని అంగీకి అంటిన సాంబ్రాణి వాసన కూడా తగిలిందేమో, కుర్చీ చూపించి కూర్చోమంది. గొంతు తగ్గించింది.

"ఒకరి సంగతి ఇంకొకరికి నేను చెప్పొద్దు. అడగొద్దు గూడ. సరె, నీకే అనుకుందాం."

"నాకే అనుకో మేడం."

"అయితే నువ్వు బాలింతవనుకుందాం."

"అనుకో."

"నవ్వకు మరి, ఇను. ఇగో బాలింతా, పత్యంల ఉప్పు దప్పినా ఏంగాదు, గీ గోళీ దప్పొద్దు. నువ్వు మింగితెనే నీ పాలు పాపకు మంచిది. పాలు ఎండయి, కళ్లు తిరుగుడు పది రోజులల్ల పోతది. దప్పిన రోజులకు రెండు రెండు ఏసుకోకు. అవి పోయినయ్. ఇయ్యాలటి సంది ఒక్కటి."

"పాపకు ఏమన్న అయితదా?"

కమల కాగితాన్ని దోనెలాగా మడిచి గోళీలను మళ్లీ డబ్బాలోకి జార్చింది.

"అయితదని చెప్పలేను, కాదని చెప్పలేను. నీళ్లమందు ఆపకు. ఆరు వారాలు గాదు, ఇంకిన్ని రోజులు పొయ్యాల్సి రావచ్చు. ఈ వారంలనే పాపను తీసుకొని రా. నువ్వు గూడ రా, బాలింతవు గద."

యాకయ్య లేచి మళ్లీ కూర్చున్నాడు. ఒక్క మాట అడగాలన్నాడు. ముట్టుకుంటే అంటుకుంటుందా అని అడిగాడు. ముట్టుకుంటే అంటదని, ముద్దుపెట్టుకుంటే, నీళ్లు పోస్తే, ఒక్క కంచంలో తింటే అంటుకునేది కాదని కమల వేళ్లు మడిచి చెప్పింది. అంటదు అన్న మాట అతనికి ఒక క్షణం అంటది అన్నట్టు కూడా వినబడింది. అంటుకోదా మేడం అని మళ్లీ అడిగితే, అంటుకోనే అంటుకోదు తాతా, పో అంది.

బయటికి వచ్చేసరికి బెంచీ మీద కొంగు నెత్తిమీదికి లాక్కుని ఒకామె కూర్చుని ఉంది. మొహం కనబడలేదు, చేతులు కనబడ్డాయి. పసుపు పట్టిన గోళ్లు, నీళ్లలో నాని నాని తెల్లబడి ముడతలు తేలిన వేళ్లు. రోజూ పొద్దున తన ఇంటి ముందు పాప వెన్ను మీద నడిచే వేళ్లు. ఆమె ఒళ్లో గుడ్డసంచి, సంచిలోంచి బయటికి తెల్ల డబ్బా మూత.

బుచ్చమ్మ తలెత్తింది. ఇద్దరూ చూసుకున్నారు. లోపలి నుంచి కమల తర్వాతవాళ్లను పిలిచింది. బుచ్చమ్మ లేచి, అతను బయటికి వచ్చిన తలుపులోంచే లోపలికి పోయింది.

తొర్రూరు బస్సులో ఆమె మళ్లీ కనబడింది. కండక్టరుకు ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్ల ఉచిత టికెట్ తీసుకుంటోంది. బస్సు నిండా జనం, ఆమె పక్కన మాత్రం ఒక సీటు ఉంది. యాకయ్య కూర్చున్నాడు. పాలకుర్తి దాటాక గుంతలో బస్సు ఎగిరింది. ఆమె మోచేయి అతని చేతికి తగిలింది. అతను జరిగాడు. సీటు అంచుదాకా జరిగి, ఒక కాలు నడిచే దారిలో పెట్టి కూర్చున్నాడు. జరిగాక గానీ తాను జరిగినట్టు అతనికి తెలియలేదు. అంటుకోదని గంట కిందనే చెవులారా విన్నాడు. విన్నది చేతిదాకా ఇంకా చేరలేదు. మళ్లీ దగ్గరికి జరుగుదామనుకున్నాడు, జరిగితే ఆమె ఏమనుకుంటుందోనని ఆగాడు. బుచ్చమ్మ కిటికీలోంచి చెలకల వైపు చూస్తూ కూర్చుంది. తొర్రూరులో దిగి, అతనికోసం ఆగకుండా వేరే ఆటో ఎక్కింది.

ఇంటికి వచ్చి యాకయ్య యమున చేతిలో గోళీ పెట్టబోతుంటే ఓదెమ్మ చూసింది. నులక తేలేదు, డబ్బా జేబులో పెట్టుకుని ఎక్కడ తిరుగుతున్నావని డబ్బా లాక్కుంది. పాలు ఎండితే పాపకు నువ్విస్తావా అని నిలదీసింది. దాన్ని తీసుకుపోయి పెట్టెలో వేసి, తాళం చెవి కొంగుకు ముడేసుకుంది. ఇరవై ఒకటో రోజు తీస్తానంది. యాకయ్య అరుగు మీద కూర్చుండిపోయాడు. పేరు చెబితే ఓదెమ్మ ఇప్పుడే తాళం తీస్తుంది. తీశాక బిడ్డను ఎట్ల చూస్తుంది? కన్నతల్లి అట్లా జరగదు అనుకున్నాడు. మరి తానెందుకు జరిగాడు? ఆ చేతులు పన్నెండు రోజులుగా తన మనవరాలిని ఎత్తుతున్నాయి. రేపు ఎత్తనివ్వాలా? వద్దంటే, ఆయమ్మ చేసిందానికీ తను చేసేదానికీ ఏం తేడా? ఆలోచన చిక్కుపడ్డ నులకలాగా ఎక్కడ పట్టుకుని లాగినా ఇంకోచోట బిగుసుకుంటోంది.

పొద్దున కాగులో నీళ్లు మరిగి తెర్లాయి. బుచ్చమ్మ రాలేదు. నిప్పులు బూడిదపట్టాయి, పాప ఆకలికి లేచి తాగి మళ్లీ పడుకుంది. ఎన్నడూ లేంది ఈ మనిషికి ఏమైందని ఓదెమ్మ రెండుసార్లు గేటుదాకా పోయి చూసింది. యాకయ్య పొయ్యిలో ఇంకో కట్టె ఎగదోసి, తువ్వాల భుజాన వేసుకుని బుచ్చమ్మ ఇంటికి నడిచాడు.

ఆమె గుమ్మం ముందు చాట పెట్టుకుని చింతపండులో గింజలు తీస్తోంది. అతన్ని చూసి కూడా చేయి ఆపలేదు.

"నీళ్లు కాగినయ్ బుచ్చమ్మా."

"ఇయ్యాల ఒంట్లె బాగలేదన్నా. వదిననే పోసుకొమ్మను."

యాకయ్య ఆమెకు ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చున్నాడు. చాటలోంచి ఒక చింతపండు బొట్ట తీసుకుని తనూ గింజ తీశాడు. కాసేపటికి బుచ్చమ్మే అంది.

"బస్సుల జరిగి కూసుంటివి గద."

"జరిగిన. తెల్వక జరగలే. తెలిసి గూడ జరిగిన. అదెందుకో నాకే సమజైతలేదు చెల్లె."

"ఊర్లె చెప్పినవా?"

"ఓదెమ్మకే చెప్పలె."

ఆమె చేయి అప్పుడు ఆగింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏడేండ్లాయె నాకు. లారీ మీదున్నప్పుడు మీ బావ తెచ్చిపెట్టి పోయిండు. అప్పటి సంది ఊర్లె ఎందరు పిల్లలకు నీళ్లు పోసిన్నో నీకు తెల్వదా? ఒక్కరికన్న ఏమన్నయిందా? మేడం ఏంగాదన్నంకనే పోస్తున్న. గీ పని గూడ పోతే నేనేం జెయ్యాలె?" కాస్త ఆగి, అతని మొహంలోకి చూసింది. "నీకెన్నేండ్లాయె అన్నా?"

యాకయ్యకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆ గదిలోంచి బయటికి వస్తుంటే చూసింది, అతనిదే జబ్బనుకుంటోంది. అనుకుంది కాబట్టే ఇప్పుడు నోరు విప్పింది. నాది కాదంటే ఆమె ఒక్కతే ఒంటరిగా మిగులుతుంది. మరి ఎవరిదన్న ప్రశ్న కూడా అక్కడే లేస్తుంది. ఈ వయసులో ఆ పేరు మోయడమంటే ఏమిటో, ఎవరికి తెలిస్తే ఏమవుతుందో అతనికి ఏమీ తోచలేదు. నోరు మాత్రం కదిలింది.

"నిన్ననే తెలిసింది."

బుచ్చమ్మ తల ఊపింది. మొదట్ల భయమైతది, తర్వాత అలవాటైతదన్నా అంది. ఆ మాటకు యాకయ్య కళ్లలో నీళ్లు ఎందుకొచ్చాయో అతనికే తెలియదు. తుడుచుకుని, ఇంకో సంగతి ఉందన్నాడు. యమునకు దవాఖానలో ఇచ్చిన రక్తం గోళీలను పత్యమని ఓదెమ్మ పెట్టెలో పెట్టి తాళం వేసిందని, తన మాట వినదని, బుచ్చమ్మ చెబితే వింటుందని అన్నాడు. బుచ్చమ్మ చాట పక్కకు జరిపి లేచింది.

నీళ్లు మళ్లీ కాగాయి. బుచ్చమ్మ ఎప్పటిలాగే కాళ్లు బారజాపి కూర్చుని పాపకు నీళ్లు పోసింది, తుడిచింది, పొగ పట్టింది. పాపను ఒళ్లో పెట్టుకునే ఓదెమ్మను పిలిచింది. బిడ్డ మొహం తెల్లబడిందేమిటి, దవాఖాన గోళీలు ఇస్తలేవా అని అడిగింది. ఓదెమ్మ నోరు తెరిచి, నువ్వే కదా వద్దన్నావు అంది. వద్దన్నా గానీ గోళీలన్నీ ఒక్క తీరు కాదు, ఏదీ తీసుకరా చూస్తానంది బుచ్చమ్మ.

ఓదెమ్మ కొంగు ముడి విప్పి తాళం తీసి డబ్బా తెచ్చింది. బుచ్చమ్మ తడి చేతులు చీరకు తుడుచుకుంది. డబ్బా మీది గీకిన మరక మీద బొటనవేలు ఒకసారి ఆడించింది. మూత తీసి ఒక గోళీ అరచేతిలోకి వంపుకుంది. దాన్ని చూస్తూ ఉండిపోయింది. సాంబ్రాణి పొగ పలచబడేంతసేపు చూసింది. తర్వాత యాకయ్యను చూసింది. అతను పొయ్యి దగ్గర వంగి, మండుతున్న కట్టెను ఊరికే వెనక్కీ ముందుకూ జరుపుతున్నాడు. ఆ తర్వాత మంచం మీది యమునను చూసింది. యమున కళ్లు దించుకుంది.

"వదినా, గిది పత్యం గోళే" అంది బుచ్చమ్మ. మళ్లీ అంది. "పొద్దున తొలి ముద్ద కాంగనె ఒకటి. నేనొచ్చినప్పుడు నా ముంగటనే మింగాలె. ఇరవై ఒక్క రోజులు గాదు, ఎప్పటికీ మింగాలె. ఒక్క పొద్దు దప్పిందా, నేనీ గడప దొక్క. తెలిసిందా?"

"అట్లనా? ముందుగాల చెప్పొద్దా మరి? ఈయనేమో రక్తం గోళీలనె" అంటూ ఓదెమ్మ మొగుడి మీద విసుక్కుని, పరుగున ఎల్లిపాయ కారం, వేడి అన్నం కలిపి తెచ్చింది. తొలి ముద్ద బిడ్డ నోట్లో పెట్టింది. యమున గోళీ వేసుకుని గోరువెచ్చని నీళ్లు తాగింది. గొంతు దగ్గర నరం కదిలి ఆగేదాకా నలుగురూ చూశారు. పాప మాత్రం నిద్రలో పెదవులు చప్పరిస్తోంది.

బుచ్చమ్మ లేస్తూ, పట్టుకో అన్నా అని పాపను యాకయ్య వైపు చాపింది. అతను రెండు చేతులూ ఆమె చేతుల కిందికి పోనిచ్చి పాపను అందుకున్నాడు. ముడతల వేళ్లు అతని అరచేతుల మీదుగా మెల్లగా జారి బయటికి వచ్చాయి. ఈసారి అతను జరగలేదు. జరగకుండా ఉండడానికి కొంచెం బిగపట్టుకోవాల్సి వచ్చింది, అంతే.

గేటు దగ్గర బుచ్చమ్మ ఆగింది. ఓదెమ్మకు వినబడని గొంతుతో, "నిన్ననే తెలిసిందంటివి. నీ డబ్బా ఏదన్నా మరి?" అని అడిగింది.

యాకయ్య పాప మొహం మీది గుడ్డ సర్దుతూ ఉండిపోయాడు. ఆమె జవాబు కోసం ఆగలేదు. పాప తల మీద చేయి పెట్టి తీసి, ఈ వారం జనగామకు పోయేటప్పుడు తనకూ చెప్పమంది. పాప అంతదూరం బస్సులో ఏడిస్తే మొగోని వల్ల కాదంది.

"రేపు నీళ్లు జర ముందుగాల పెట్టు" అంటూ వెళ్లిపోయింది.

ఓదెమ్మ డబ్బాను మళ్లీ పెట్టెలో పెట్టలేదు. గూట్లో ఎల్లిపాయ కారం సీసాకూ వాముకూ మధ్య పెట్టింది. ఆమె వంటింట్లోకి పోయాక యాకయ్య పాపను భుజాన వేసుకునే గూటి దగ్గరికి పోయాడు. డబ్బా తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు. ఒక్క గోళీ తగ్గినందుకు చప్పుడేమీ మారలేదు. అయినా ఇంకోసారి ఆడించి చూశాడు.